కంప్యూటరు ఆటల వేగము – ఉష్ణపు హద్దు

సికింద్రాబాదు పార్కు లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు విడిభాగములకు పేరుపొందినది. ఇట్టి చోట్ల భాగములను కొని ఇంట కంప్యూటరును కూర్చుకొను విద్యార్థులు కలరు. ఆట తడబడుచు నడచినచో, క్రొత్త భాగము కొనకయే ప్రాసెసరు, మెమరీల అమరికలను మార్చి వేగమును పెంచవచ్చునా? కొంతవరకు పెంచవచ్చును. ఆ హద్దును నిర్ణయించుటలో ఉష్ణము ముఖ్యమైనది.

తెరపై బొమ్మ సెకండుకు 60 మార్లు మారవలెనన్నచో, ఒక్కొక్క బొమ్మకు దొరకు వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకండ్లు. ఇంతలో ప్రాసెసరు కదలికలను లెక్కకట్టవలెను. మెమరీ దానికి వలయు సంఖ్యలను అందించవలెను. గ్రాఫిక్స్ కార్డు బొమ్మను గీయవలెను. మూడింటిలో నెమ్మదియైనదే మొత్తము వేగమును నిర్ణయించును. ఆటలో బొమ్మ రిజల్యూషనును తగ్గించి చూడుడు. వేగము బాగుగ హెచ్చినచో అడ్డు గ్రాఫిక్స్ కార్డు వద్ద నున్నది. అప్పుడు ప్రాసెసరును సవరించి ప్రయోజనము లేదు.

3200 అని ముద్రించిన డి.డి.ఆర్.4 మెమరీ పలకలలో పెక్కు, బిగించినంతనే ఆ వేగమున నడువవు. 2133 లేక 2400 వంటి తక్కువ వేగమున నడచును. మదర్‌బోర్డు అనుకూలించినచో, బయోస్‌లో ఎక్స్.ఎం.పి. అను అమరికను ఎన్నుకొనిన ముద్రిత వేగము లభించును. 3200 అనగా సెకండుకు 320 కోట్ల బదిలీలు. బదిలీకి 8 బైట్ల చొప్పున 25.6 గిగాబైట్లు. రెండు పలకలను తగిన స్లాట్లలో ఉంచినచో ఇది 51.2 అగును. అందుచే 16 గిగాబైట్ల పలక ఒకటి కొనుటకంటె 8 గిగాబైట్లవి రెండు కొనుట మేలు.

ఇక ప్రాసెసరు. దానిలో పుట్టు ఉష్ణము ముఖ్యముగా పౌనఃపున్యమునకును, వోల్టేజి వర్గమునకును అనులోమానుపాతములో నుండును. రెండింటిని 10 శాతము చొప్పున పెంచితిమనుకొందము. 1.1 × 1.1 × 1.1 = 1.331. వేగము పెరిగినది పదవ వంతు. ఉష్ణము పెరిగినది మూడవ వంతు!

మార్పునకు ముందు ప్రాసెసరు గదికంటె 45 డిగ్రీలు వేడిగా నున్నదనుకొనిన, తరువాత ఆ భేదము 60 డిగ్రీలగును. 20 డిగ్రీల గదిలో ప్రాసెసరు 80 డిగ్రీల వద్ద నుండును. మే నెలలో గది 40 డిగ్రీలైనచో అది 100 డిగ్రీలకు చేరును. పెక్కు ప్రాసెసర్లు ఆ ప్రాంతమున తమ రక్షణకై తామే వేగమును తగ్గించుకొనును. పెంచిన వేగము అట్లు చేజారును. కావున చలిదేశములవారి అంకెలను ఇచ్చట యథాతథముగా అనుకరింపరాదు. వేగము మార్చక, వోల్టేజిని 10 శాతము తగ్గించి స్థిరముగా నడపగలిగినచో ఉష్ణము 19 శాతము తగ్గును.

మెమరీ హద్దు మీరినచో బిట్లు తారుమారై, ఆట ఆగుటయేగాక, దాచుకొన్న పాఠములును చెడవచ్చును. ముందుగా వాని ప్రతులను వేరుచోట భద్రపరచవలెను. ఒక్కొక్కసారి ఒక్క అమరికనే మార్చి, మెమ్‌టెస్ట్86 వంటి సాధనముతో పరీక్షింపవలెను. గది ఉష్ణోగ్రతను, ప్రాసెసరు ఉష్ణోగ్రతను, ఆట వేగమును పట్టికగా వ్రాసి గ్రాఫు గీచినచో, అనుపాతముల పాఠమునకు ఇది మంచి ఉదాహరణము కాగలదు.