హైదరాబాదు బడి నుండి అంతరిక్షానికి

ఒక రాష్ట్రంలో పుట్టి మరొక రాష్ట్రంలో పెరగడం మన దేశంలో కొత్త కాదు. పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, న్యూ సెటిల్‌మెంట్ వంటి పేటలలో, రైల్వే కొలువుల కోసం తరలివెళ్లిన తెలుగువారి బిడ్డలు ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ వింటూ పెరిగారు. అదే విధంగా పంజాబులో పుట్టి తెలుగుగడ్డపై పెరిగిన ఒక బాలుడు అంతరిక్షంలో ప్రవేశించిన తొలి భారతీయుడైనాడు. ఆయనే శ్రీ రాకేశ్ శర్మ.

శ్రీ శర్మ 1949 జనవరి 13వ తేదీన పాటియాలాలో జన్మించారు. బాల్యం హైదరాబాదులో గడిచింది. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలులోను, అనంతరం నిజాం కళాశాలలోను విద్యాభ్యాసం చేశారు. విమానం నడపాలన్నది ఆయన చిన్ననాటి కోరిక. అంతరిక్షయానం ఊహకు అందని విషయం. 1961 ఏప్రిల్ 12వ తేదీన సోవియట్ వ్యోమగామి యూరీ గగారిన్ 108 నిమిషాల యాత్రతో లోకాన్ని ఆశ్చర్యపరచినపుడు రాకేశ్ 12 ఏళ్ల విద్యార్థి. కేరళలోని తుంబా నుండి తొలి పరిశోధక రాకెట్టు ఎగిరినది 1963 నవంబరు 21న మాత్రమే. వ్యోమగామి కాగోరే భారతీయ బాలునికి ఆనాడు దారి చూపగల సంస్థ ఏదీ లేదు.

విమానచోదకునికి మాత్రం దారి స్పష్టంగా ఉండెను. ఆ దారినే ఆయన ఒక్కొక్క మెట్టుగా నడిచారు. 1966లో జాతీయ రక్షణ అకాడమీలో చేరి, 1970లో వైమానికదళ అధికారి అయ్యారు. 1971 యుద్ధంలో మిగ్ 21 విమానం నడిపారు. పిదప టెస్ట్ పైలట్ అయ్యారు. విమానాన్ని గగనంలో పరీక్షించి, దాని గుణదోషాలను నిర్ణయించడం టెస్ట్ పైలట్ విధి. ధైర్యంతోపాటు నిశిత పరిశీలన, నిగ్రహం అందుకు అవసరం. వ్యోమగామికి కావలసిన గుణాలూ ఇవే.

అందువల్లనే సోవియట్ యూనియన్ సహకారంతో భారతీయుని పంపే అవకాశం వచ్చినపుడు వైమానికదళ చోదకుల నుండి ఎంపిక జరిగింది. 1982లో శ్రీ శర్మ, లాహోరులో జన్మించిన శ్రీ రవీశ్ మల్హోత్రా ఎంపికయ్యారు. మాస్కో సమీపంలోని శిక్షణ కేంద్రంలో వారు రష్యన్ భాష సైతం నేర్చుకొనవలసి వచ్చింది. 1984 ఏప్రిల్ 3వ తేదీన సోయుజ్ టి-11 నౌకలో యూరీ మాలిషెవ్, గెన్నాదీ స్త్రెకలోవ్‌లతో శ్రీ శర్మ పయనమయ్యారు. సల్యూత్ 7 కేంద్రంలో మన దేశపు ఛాయాచిత్రాలు తీశారు. భారరహిత స్థితిలో శరీరానికి యోగాభ్యాసం ఎంత ఉపకరిస్తుందో పరీక్షించారు. 7 దినాల 21 గంటల 40 నిమిషాల యాత్ర ముగించి ఏప్రిల్ 11న భూమిని చేరారు. నాటికి ఆయన వయస్సు 35 సంవత్సరాలు. ఆయనకు అశోకచక్ర పురస్కారం లభించింది.

భారతీయుడు మరల అంతరిక్షానికి వెళ్లడానికి 41 ఏళ్లు పట్టింది. 2025 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన శ్రీ శుభాంశు శుక్లా లక్నో వాసి, వైమానికదళ టెస్ట్ పైలట్. ఆయన 1985లో జన్మించారు. అంటే శ్రీ శర్మ యాత్ర ఆయనకు పుట్టుకకు ముందటి గాథ.

బాల్యంలో కన్న కల ఎంత దూరం తీసుకొనిపోగలదో ముందుగా ఎవరికీ తెలియదు. శ్రీ శర్మ విమానాన్ని కోరుకున్నారు. ఆ విద్యను శ్రద్ధగా సాధించారు. ఊహించని అవకాశం వచ్చిననాడు ఆయన సిద్ధంగా ఉన్నారు. ఏ రాష్ట్రంలో పెరుగుతున్న విద్యార్థికైనా ఈ జీవితం చెప్పే మాట ఇదే.