మెదడు కణితికి మందు చేరదెందుకు? నానో కణాలు ఎలా చేరుస్తాయి?

రొమ్ములో గడ్డ వస్తే కీమో సెలైన్‌లో ఎక్కిస్తారు. రక్తమే దాన్ని గడ్డ దాకా మోసుకుపోతుంది. గుండె పంపే రక్తంలో ఇంచుమించు 15 శాతం మెదడుకే వెళ్తుంది కదా, మరి అక్కడి కణితికి మందు ఎందుకు అందదు?

ఈ ప్రశ్నకు జవాబు ఒక రంగులో బయటపడింది. 1885 ప్రాంతంలో జర్మనీలో శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూశాడు. ఒళ్లంతా రంగు పట్టింది, మెదడు మాత్రం తెల్లగానే ఉండిపోయింది. మెదడుకు రంగు పట్టే గుణమే లేదేమో అనుకున్నాడాయన. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ రంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడుకు పట్టింది, ఒంటికి పట్టలేదు! గుణంలో లోపం లేదు, మధ్యలో ఏదో అడ్డుగోడ ఉందన్నమాట.

ఆ గోడ ఎక్కడుంది? మెదడులోని సన్నని రక్తనాళాల్లోనే. వాటి లోపలి కణాలు సందు లేకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కొవ్వులో కరిగే చిన్న అణువులు కొన్ని దూరినా, కణాల్లోని పంపులు వాటిలో చాలావాటిని మళ్లీ రక్తంలోకే తోడేస్తాయి. విషాల నుంచి మనల్ని కాపాడే ఈ ఏర్పాటు, కణితి వచ్చిన రోజున మందుకే అడ్డుపడుతుంది.

కణితి పెరిగితే గోడకు చిల్లులు పడవా? పడతాయి, కానీ కణితి నడిమధ్యలో. గ్లియోబ్లాస్టోమా లాంటి కణితి అంచుల నుంచి మంచి మెదడులోకి పాకే కణాల దగ్గర గోడ చాలావరకు చెక్కుచెదరదు. సర్జన్ కత్తికి అందనివీ, మళ్లీ కణితిని మొలిపించేవీ ఆ కణాలే.

మరి నానో కణాలు చేసేదేమిటి? మెదడుకూ ఇనుము కావాలి. దాన్ని మోసుకొచ్చే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ కోసం ఆ గోడలో ప్రత్యేకంగా రేవులున్నాయి. మందును కొవ్వు బుడగలోనో పాలిమర్ గుళికలోనో పెట్టి, పైన ఆ రేవు గుర్తుపట్టే ప్రోటీన్ అతికిస్తారు. ఈ గుళికలే నానో కణాలు. గోడలోని కణం దాన్ని తన సరుకే అనుకుని మింగి అవతల దింపాలి. వంద నానోమీటర్ల గుళికలైతే వెంట్రుక మందంలో ఎనిమిది వందల దాకా వరుసగా పడతాయి.

వినడానికి ఎంత తేలికో! రక్తంలోకి దిగిన గుళికల్లో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. జంతువులపై జరిగిన ప్రయోగాలను 2016లో లెక్కగడితే, అన్ని రకాల కణితులనూ కలుపుకుని, సగానికి పైగా ప్రయోగాల్లో గడ్డకు చేరింది ఒక శాతం కూడా లేదు. అందుకే అల్ట్రాసౌండ్‌తో గోడను కాసేపు తెరవడం, సన్నని గొట్టంతో నేరుగా కణితిలోకే మందు పంపడం లాంటి దారులూ వెతుకుతున్నారు.

గ్లియోబ్లాస్టోమాకు ఈరోజు మామూలుగా ఇచ్చేది ఆపరేషన్, రేడియేషన్, టెమోజోలమైడ్ మాత్రలు. ఈ కణితికి నానో గుళికల మందులు ఇంకా ప్రయోగాల దశలోనే ఉన్నాయి. మెదడు కణితికి నానో వైద్యం చేస్తామని ఎవరైనా చెబితే, అది క్లినికల్ ట్రయలేనా అని అడగండి. అవునంటే, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నంబరెంతో చెప్పమనండి.