దివిసీమకు మడ అడవి అండ

కృష్ణానది సముద్రంలో కలవబోయే ముందు పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి, ఆ పాయల నడుమ ఒక సారవంతమైన భూభాగాన్ని ఏర్పరచింది. అదే దివిసీమ. 'దివి' అంటే దీవి. ఈ సీమకు అవనిగడ్డ ప్రధాన పట్టణం. అవనిగడ్డ నుంచి ఒక దారి కోడూరు మీదుగా హంసలదీవికి, మరొక దారి నాగాయలంకకు సాగుతాయి. ఆ దారుల్లో ప్రయాణించేవారికి మొదట వరిచేలు, తరువాత చేపల చెరువులు, రొయ్యల చెరువులు, ఆపైన చవిటినేలలు కనిపిస్తాయి. అవన్నీ దాటిన తరువాత, నేల ఎక్కడ ముగుస్తుందో నీరు ఎక్కడ మొదలవుతుందో తెలియని చోట, బురదలో వేళ్లూని నిలిచిన ఒక అడవి ఎదురవుతుంది. అదే మడ అడవి.

మడ అడవి సామాన్యమైన అడవి కాదు. రోజుకు రెండుమార్లు పోటు వచ్చినప్పుడు దాని పాదాలు ఉప్పునీటిలో మునుగుతాయి. ఆటు వచ్చినప్పుడు అవి తిరిగి బయటపడతాయి. గాలి చొరబడని బురదలో మామూలు చెట్ల వేళ్లకు ఊపిరాడదు. అందువల్ల మడచెట్టు తన శ్వాసవేళ్లను భూమిలోకి కాక ఆకాశంవైపు, మేకులు పాతినట్లు నిలువుగా పంపుతుంది. పొన్నచెట్టు కాండం నుంచి ఊతవేళ్లను నలువైపులకు దించుకొని, కెరటాల తాకిడికి చలించకుండా నిలబడుతుంది. దాని గింజ తల్లిచెట్టుపై ఉండగానే మొలకెత్తి, తరువాత బురదలోకి జారి నాటుకొంటుంది. తిల్ల, గుగ్గిలం వంటి మరికొన్ని జాతులు కూడా ఇక్కడ పెరుగుతాయి. ఈ వేళ్ల నడుమనే రొయ్యపిల్లలు, చేపపిల్లలు, పీతలు తలదాచుకొని పెరుగుతాయి. సముద్రంలో వల వేసే మత్స్యకారునికి దొరికే చేపల్లో అనేకం బాల్యాన్ని గడిపేది ఈ అడవి పాయల్లోనే.

ఈ అడవి విలువను దివిసీమ ప్రజలు పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. 1977 నవంబరు 19న వచ్చిన పెనుతుపాను వారికి ఆ పాఠం చెప్పింది. ఆనాడు సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన ఊళ్లకు ఊళ్లను ముంచెత్తింది. పదివేలమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సముద్రాన్ని ఆనుకొని ఉన్న సొర్లగొంది వంటి గ్రామాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఆ తరువాత దేశం నలుమూలల నుంచి స్వచ్ఛంద సంస్థలు తరలివచ్చి అన్నవస్త్రాలు పంచాయి, ఇళ్లు కట్టించాయి. కాని మరొక ఉప్పెన వస్తే తీరానికి అడ్డునిలిచేది ఏది అనే ప్రశ్న మిగిలే ఉంది.

మడ అడవి ఉప్పెనను పూర్తిగా ఆపగలదని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అయితే దాని వేళ్లు, కాండాలు నీటి వేగాన్ని తగ్గిస్తాయి, గాలి ఉధృతిని కొంత తాము భరిస్తాయి. 1999 అక్టోబరులో ఒరిస్సాను అతలాకుతలం చేసిన పెనుతుపాను గురించి జరిగిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. కేంద్రపడ జిల్లాలోని వందలాది గ్రామాలను పరిశీలించిన పరిశోధకులు, సముద్రానికీ ఊరికీ నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్న చోట ప్రాణనష్టం తక్కువగా ఉందని నిర్ధారించారు. సకాలంలో హెచ్చరిక, సురక్షితమైన ఆశ్రయం, వాటికి తోడు అడవి: ఈ మూడూ కలిసినప్పుడే తీరప్రజలకు రక్ష.

ఇంతటి మేలు చేసే అడవి ఎందుకు తరిగిపోయింది? వంటచెరకు కోసం, ఇంటి దూలాల కోసం కొంత నరికారు. పూర్వం అటవీ నిర్వహణలో భాగంగానే కొన్ని ప్రాంతాలను విడతలవారీగా పూర్తిగా నరికే పద్ధతి ఉండేది. 1990 దశకంలో రొయ్యల సాగు వెల్లువలా వచ్చి తీరభూములను చెరువులుగా మార్చివేసింది. తీర నియంత్రణ మండలిలో అటువంటి చెరువులను నిషేధిస్తూ 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది. అంతకుముందే, 1989లో, సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. చట్టం నరికే గొడ్డలిని ఆపగలదు. కాని నరికిన చోట చెట్టును తిరిగి మొలిపించడం చట్టానికి సాధ్యం కాదు.

పోయిన అడవిని తిరిగి పెంచాలంటే మొక్కలు నాటితే చాలునని ఎవరైనా అనుకొంటారు. ప్రపంచంలో అనేక దేశాలు ఆ విధంగానే భావించి నష్టపోయాయి. ఫిలిప్పీన్స్ దేశంలో తీరం పొడవునా లక్షలాది మడమొక్కలు నాటారు. తగని చోట, తగని జాతిని నాటడం వల్ల వాటిలో అధికభాగం బతకలేదు. మొక్క ఎందుకు చనిపోతున్నదో తెలుసుకోకుండా మరో మొక్క నాటడం రోగమెరుగని వైద్యం వంటిది.

ఆ కారణాన్ని అన్వేషించిన స్వచ్ఛంద సంస్థల్లో ముఖ్యమైనది ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్. హరిత విప్లవ రూపశిల్పిగా పేరొందిన స్వామినాథన్ 1987లో తొలి ప్రపంచ ఆహార బహుమతిని అందుకొన్నారు. ఆ ధనంతో 1988లో చెన్నైలో లాభాపేక్ష లేని ఈ సంస్థను నెలకొల్పారు. 1996లో ఇండియా-కెనడా పర్యావరణ నిధి సహాయంతో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఒరిస్సా రాష్ట్రాల్లో మడ అడవుల సంరక్షణ పథకాన్ని ఆ సంస్థ చేపట్టింది. మన రాష్ట్రంలో గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో అటవీశాఖతో కలిసి పనిచేసింది.

శాస్త్రవేత్తలు కనుగొన్న కారణం ఇది. చెట్లు నరికిన చోట నేలకు నీడ పోయింది. ఎండకు బురదలోని తేమ ఆవిరై నేల కుంగింది, తొట్టివలె గుంటపడింది. పోటుకు లోనికి వచ్చిన నీరు ఆటుకు వెనుకకు పోలేక అక్కడే నిలిచి, ఎండి, ఉప్పును మిగిల్చింది. ఏటేటా ఉప్పు పేరుకొన్నది. ఉప్పునీటిలో పెరగడానికే పుట్టిన మడచెట్టు కూడా భరించలేనంతగా ఆ నేల లవణమయమైంది. అక్కడ లేనిది మొక్క కాదు. నీరు వచ్చి పోయే దారి.

దారి తెలిసిన తరువాత ఉపాయం దొరికింది. సహజమైన పాయ నుంచి గుంటపడిన నేలలోకి ఒక ప్రధాన కాలువ తవ్వారు. దాని ఇరువైపులా ఏటవాలుగా చిన్న కాలువలు తీశారు. పైనుంచి చూస్తే ఈ అమరిక చేపముల్లువలె కనబడుతుంది. పోటునీరు ఈ కాలువల ద్వారా లోనికి ప్రవేశించి, ఆటుతో పాటు ఉప్పును కడుగుకొంటూ వెలుపలికి పోతుంది. ఆ తరువాతనే కాలువగట్ల వాలులో, మొక్క మునిగిపోకుండా, ఎండిపోకుండా ఉండే మట్టంలో మడమొక్కలను నాటారు. కొన్నేళ్లకు ఆ గట్లమీద పచ్చదనం తిరిగి వచ్చింది.

ఇంతటితో కథ ముగియలేదు. ప్రతి పోటూ నీటితో పాటు ఒండ్రును కూడా తెస్తుంది. ఏటా పూడిక తీయకపోతే కాలువలు మూసుకుపోతాయి, నేల తిరిగి మొదటికి వస్తుంది. చెన్నై నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఎంతకాలం పూడిక తీయించగలడు? అటవీశాఖ ఉద్యోగి ఎన్ని పాయలకు కాపలా కాయగలడు? ఆ పని చేయగలవారు అడవి పక్కనే నివసించే మత్స్యకారులు, పీతలు పట్టుకొని జీవించే యానాదులు. అయితే అభయారణ్యం పేరుతో తమను అడవికి దూరం చేస్తారేమోననే శంక వారిలో ఉండేది. కట్టెపుల్ల కోసం వెళ్లిన స్త్రీని దోషిగా చూసే అడవిని ఆమె తనదిగా ఎలా భావిస్తుంది?

ఈ చిక్కును విప్పడానికి ఉమ్మడి మడ అడవుల యాజమాన్యం అనే పద్ధతిని అనుసరించారు. గ్రామస్థుల చేతనే నేలమీద ముగ్గుతో ఊరి పటం గీయించారు. ఏ పాయలో చేపలు తగ్గాయో, కట్టెలు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఒకప్పుడు అడవి ఎంతవరకు ఉండేదో వారి నోటనే విన్నారు. తరువాత గ్రామసంఘాలను ఏర్పరచి, స్త్రీపురుషులిద్దరికీ వాటిలో స్థానం కల్పించారు. అడవిని కాపాడే బాధ్యతతో పాటు ఊరికి కావలసిన అవసరాలు కూడా గ్రామప్రణాళికలో చేరాయి. కాలువలు తవ్విందీ, మొక్కలు నాటిందీ, కావలి కాసిందీ గ్రామస్థులే. ఆ కూలి వారి ఇళ్లకే చేరింది.

ఇటువంటి కార్యక్రమానికి నాయకత్వం వహించేవారి పని ఎంత క్లిష్టమైనదో ఇక్కడ గమనించాలి. స్వచ్ఛంద సంస్థకు చట్టాధికారం లేదు, ఎవరినీ శాసించలేదు. అడవి ప్రభుత్వానిది, అనుభవం గ్రామస్థులది, ధనం దాతలది, విజ్ఞానం శాస్త్రవేత్తలది. ఈ నలుగురినీ ఒక చోట కూర్చోబెట్టి, ఒకరి మాట మరొకరికి అర్థమయ్యేటట్లు చెప్పడమే నాయకుని మొదటి కర్తవ్యం. ఖర్చుపెట్టిన ప్రతి రూపాయికి లెక్క చూపడం రెండవది. నాటిన మొక్కల సంఖ్య కాక, కొన్నేళ్ల తరువాత బతికి ఉన్న మొక్కల సంఖ్యను నిజాయితీగా చెప్పడం మూడవది. అన్నిటికన్నా కష్టమైనది నాలుగవది: తాను వెళ్లిపోయిన తరువాత కూడా పని సాగేటట్లు బాధ్యతను ఊరివారికి అప్పగించడం.

ఆ తరువాతి కాలంలో సముద్రమట్టం పెరుగుదలను ఎదుర్కొనే మరొక పథకం దివిసీమకు వచ్చింది. ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందాల కింద ఏర్పడిన అడాప్టేషన్ ఫండ్ నిధులతో, నాబార్డు ద్వారా, స్వామినాథన్ సంస్థ నాగాయలంక మండలంలో ఈ పనిని చేపట్టింది. 1977లో ఉప్పెన పాలైన సొర్లగొంది ఈ పథకంలోని గ్రామాల్లో ఒకటి. చెరువు కావాలా, అడవి కావాలా అనే పాత తగవుకు ఇక్కడ ఒక సమాధానం ప్రయత్నించారు. చెరువు గట్లమీద, లోపలి దిబ్బలమీద మడమొక్కలు పెంచి, పోటునీరు సహజంగా వచ్చిపోయే ఏర్పాటు చేసి, అదే చెరువులో చేపలు, పీతలు పెంచే పద్ధతి అది. చెరువూ చెట్టూ ఒకదానికొకటి శత్రువులు కానవసరం లేదని ఈ ప్రయోగం ఉద్దేశం.

మడ అడవి మనుషులకే ఆశ్రయం కాదు. చేపలను వేటాడి జీవించే బావురు పిల్లి ఇక్కడి పాయల్లో రాత్రివేళ సంచరిస్తుంది. ప్రపంచవ్యాప్తంగా ముప్పు ఎదుర్కొంటున్న ఈ జంతువు మన దేశంలో చట్టరీత్యా అత్యున్నత రక్షణ పొందింది. ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వంటి సంస్థలు కృష్ణా అభయారణ్యంలో కెమెరాలు అమర్చి దాని జాడలను పరిశీలించాయి. చెరువులో చేపలు దొంగిలించే పిల్లిగా దానిని చూసే ఊరివారికి, అది తమ అడవి ఆరోగ్యానికి గుర్తు అని తెలియజెప్పడం కూడా సంరక్షణలో భాగమే.

అయినా అన్ని సమస్యలూ తీరలేదు. ఎగువన ఆనకట్టలు వెలసిన తరువాత కృష్ణానది సముద్రానికి మోసుకొచ్చే మంచినీరు, ఒండ్రు బాగా తగ్గాయి. ఒండ్రు చేరని తీరాన్ని కెరటాలు కోస్తున్నాయి. సొర్లగొంది గ్రామసంఘం ఎంత శ్రద్ధగా పూడిక తీసినా, వందల కిలోమీటర్ల ఎగువన జరిగే నీటి పంపకం దాని చేతిలో లేదు. కనుక మడ అడవి సంరక్షణ తీరగ్రామాల బాధ్యత మాత్రమే కాదు. ఆ నది నీటిని తాగే, ఆ నీటితో పండించే వారందరి బాధ్యత.

నేడు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 400 చదరపు కిలోమీటర్ల మడ అడవి ఉంది. అందులో అధికభాగం గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లోనిదే. దానిని కాపాడడానికి జీవశాస్త్రం తెలిసినవారు కావాలి. లెక్కలు రాయగలవారు కావాలి. పంటు దాటి ఎదురుమొండి వంటి లంకగ్రామానికి వెళ్లి, అక్కడి వృద్ధుని మాటను ఓపికగా వినగలవారు అంతకన్నా ఎక్కువగా కావాలి. విద్యార్థులు సేవ అంటే ఒక రోజు మొక్క నాటి ఫోటో దిగడమని తలచరాదు. మొక్కకు నీటి దారి చూపి, ఆ దారి మూసుకుపోకుండా ఏటేటా పూడిక తీసే మనుషులను సిద్ధం చేయడమే నిజమైన సేవ. 1977లో సముద్రం తీసుకుపోయినవారిని మనం తిరిగి తేలేము. వారి మనుమలకు, మునిమనుమలకు ఒక పచ్చని అండను మాత్రం మిగల్చగలం.