వెలిసిన ఎరుపు మళ్లీ వెలిగింది

మాజ్దా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారు 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకొచ్చింది. రెండే సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు, స్విచ్ నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లు. జపాన్‌లోని హిరోషిమాలో తయారై అమెరికా చేరిన ఆ తొలితరం కార్లు ఇప్పటికీ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. ఇంజన్ గట్టిగా ఉండి, రంగు మాత్రం పాడైపోయినవే ఎక్కువ. డాలస్ శివార్లలో నేను కొన్న 1990 మోడల్ కూడా అలాంటిదే. దాని అసలు రంగు క్లాసిక్ రెడ్. టెక్సస్ ఎండలో ఏళ్ల తరబడి బయటే ఉండటంతో బానెట్, డిక్కీ, తలుపుల పైభాగాలు వెలిసి గులాబీ రంగుకి తిరిగాయి. వేలితో రాస్తే పొడి అంటుకునేది.

చూసినవాళ్లంతా రీపెయింట్ చేయించమన్నారు. నేను మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో చాలాకాలం పెయింటింగ్ షెడ్డు నడిపిన మా బాబాయికి వీడియో కాల్ చేశాను.

“తెల్లగుడ్డకి కాస్త పాలిష్ రాసి బానెట్ మీద రుద్దు తల్లీ. రంగు అంటుతోందా?”

“గుడ్డంతా ఎర్రబడింది బాబాయ్.”

“అయితే అది పాతకాలం పెయింటే. పైపొర చచ్చింది, కింద రంగు బతికే ఉంది. తొందరపడి గీకించకు.”

ఇందులో పెద్ద కిటుకేమీ లేదు. ఇప్పటి కార్లలో రంగు ఒక పొర, దాని మీద పారదర్శకమైన క్లియర్‌కోట్ మరో పొర. ఎండకి క్లియర్‌కోటే చెడి తెల్లగా పొక్కులు లేచి ఊడుతోందంటే ఏ పాలిషూ దాన్ని కాపాడలేదు. ఆ భాగానికి మళ్లీ రంగు వేయించాల్సిందే. నా మియాటా మీద ఉన్నది సింగిల్ స్టేజ్ పెయింట్. రంగు, మెరుపు రెండూ ఒకే పొరలో ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ పొర పైభాగంలో జిగురుని, రంగుని విరగ్గొడతాయి. నునుపు పోయి పొడిబారిన ఉపరితలం మీద పడ్డ వెలుతురు చెదిరిపోతుంది. అందుకే ఎరుపు గులాబీగా కనిపిస్తుంది. ఆ చచ్చిన పొరని పల్చగా తీసేస్తే కింద అసలు ఎరుపు ఉంటుంది.

అయితే ఆ ఎరుపు ఎంత మిగిలి ఉందన్నదే అసలు సంగతి. ఫ్యాక్టరీ పెయింట్ ప్రైమర్‌తో కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందనుకుంటే, మన చేతిలో ఉన్న సొమ్మెంతో తెలుస్తుంది. మందం కొలిచే గేజ్ కొన్నాను. మియాటా బానెట్ అల్యూమినియం కాబట్టి, ఇనుము మీదే పనిచేసే గేజ్ అక్కడ పనికిరాదు. రెండు లోహాలనీ చదివేది తీసుకోవాలి. బంపర్లు ప్లాస్టిక్, అక్కడ ఏ అంకె కూడా రాదు. నా బానెట్ మీద 90 దగ్గర, తలుపుల మీద 105 దగ్గర వచ్చింది. కుడివైపు వెనక ఫెండర్ మీద మాత్రం 300 దాటింది. అక్కడ ఎప్పుడో సొట్ట పడితే లప్పం పెట్టి మళ్లీ రంగు వేశారన్నమాట. తెల్లగుడ్డతో రుద్దితే అక్కడ ఎరుపు అంటలేదు, అంటే పైన క్లియర్‌కోట్ ఉంది. ఒకే కారు మీద రెండు రకాల పెయింట్లు, రెండింటికీ వేరువేరు వైద్యం.

పాలిష్ కంటే ముందు శుభ్రం చేయాలి. రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదాంట్లో షాంపూ, రెండోదాంట్లో గుడ్డ జాడించే నీళ్లు ఉంచుకోవాలి. ఒకటే బకెట్ అయితే దుమ్ము మళ్లీ కారు మీదికే వచ్చి గీతలు పడతాయి. కడిగాక, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పెయింట్ మీద నిమిరి చూడండి. కంటికి కనిపించని గరుకు వేళ్లకి తెలుస్తుంది. బ్రేకుల నుంచి ఎగిరిన ఇనుప రజను, చెట్ల జిగురు, తారు అక్కడ అంటుకుని ఉంటాయి. ఐరన్ రిమూవర్ చల్లితే ఇనుప రజను ఉన్నచోటల్లా ఊదారంగు నీళ్లు కారతాయి, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మిగిలినదాన్ని తడి మీద మట్టిముద్దలాంటి క్లే బార్‌తో నెమ్మదిగా లాగాలి.

ఆ తర్వాత కూడా వెంటనే పాలిషింగ్ మిషన్ పట్టుకోలేదు. పాత సింగిల్ స్టేజ్ పెయింట్‌కి ముందు నూనె పట్టించాలి. దీనికి పాతతరం వాళ్లు మెగ్వయర్స్ నంబర్ 7 అనే గ్లేజ్ వాడతారు. పగిలిన మడమకి కొబ్బరినూనె పట్టించినట్టు, దాన్ని మందంగా పూసి, గరుకు టవల్‌తో బాగా రుద్ది, రాత్రంతా వదిలేశాను. పొద్దున తుడిస్తే గుడ్డ ఎర్రగా, బానెట్ గులాబీ తగ్గి ముదురుగా తేలింది. ఎండిపోయిన పెయింట్‌ని అలాగే కాంపౌండ్‌తో రుద్దితే అవసరానికి మించి ఊడుతుంది. నూనె పీల్చుకున్నాక పని తక్కువ రాపిడితో తీరుతుంది.

అప్పుడు డిక్కీ మీద ఒక మూల టేపు వేసి, అన్నిటికన్నా మెత్తటి ప్యాడ్, అన్నిటికన్నా నెమ్మదైన పాలిష్‌తో చిన్న భాగం చేసి చూశాను. సరిపోతే అదే కారంతా. చాలకపోతేనే ఒక మెట్టు పైకి. ఒకేచోట గిర్రున తిరిగే రోటరీ మిషన్ వేడి పుట్టిస్తుంది, చెయ్యి తిరిగినవాళ్లకే అది. తిరుగుతూనే అటూఇటూ ఊగే డ్యుయల్ యాక్షన్ మిషన్ మనలాంటివాళ్లకి భద్రం. అంచుల దగ్గర పెయింట్ అన్నిటికన్నా పల్చన, అందుకే అక్కడంతా టేపు వేశాను. పని నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే చేశాను. ఎర్రబడ్డ ప్యాడ్‌ని మాటిమాటికీ శుభ్రం చేసుకున్నాను.

మళ్లీ కొలిస్తే బానెట్ మీద తగ్గింది నాలుగైదు మైక్రాన్లే. ఎరుపు మాత్రం పూర్తిగా తేరుకుంది. పిట్ట రెట్ట తినేసిన రెండు మచ్చలు, కొన్ని లోతు గీతలు ఉండిపోయాయి. వాటిని పోగొట్టేదాకా రుద్దితే ప్రైమర్ బయటపడుతుంది, కాబట్టి అక్కడితో ఆపేశాను. రాళ్లు తగిలి రంగు లేచిన చోట్ల ఈ కారు కలర్ కోడ్ ‘ఎస్‌యూ’ చూసి తెచ్చిన టచప్ పెయింట్ పెట్టాను. చివర కార్నౌబా వ్యాక్స్ పూశాను. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం అది. కొన్ని నెలలకే అరిగిపోతుంది, మళ్లీ పూయాలి. కారుని ఎండలో వదిలేస్తే ఈ శ్రమంతా వృథా.

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా మీ పాత కారుని బఫింగ్‌కో, సిరామిక్ కోటింగ్‌కో ఇచ్చే ముందు మూడు మాటలు అడగండి. పెయింట్ మందం కొలుస్తారా? ముందు చిన్న భాగం చేసి చూపిస్తారా? ఎంతవరకు తీస్తారు, ఎక్కడ ఆపుతారు? కోటింగ్ గీతల్ని మాయం చేయదు, ఉన్నవాటిని అలాగే కప్పి ఉంచుతుంది. ఆ మూడు ప్రశ్నలకీ సూటిగా జవాబు చెప్పని చోట తాళాలు ఇవ్వకండి. ఫ్యాక్టరీ వేసిన రంగు ఒక్కసారే వస్తుంది. తీసేసింది మళ్లీ అతకదు.