అటక మీది సామాను దిగేదెలా?

"ఇల్లు సర్దుదామనుకుంటాను. అటక వైపు చూడగానే నీరసం వస్తుంది. పారేద్దామంటే మనసు రాదు. ఇది బద్ధకమేనంటారా?"

విజయవాడలో పటమటలో అడిగినా, గుణదలలో అడిగినా ఈ మాటే వినిపిస్తుంది. బద్ధకం కాదు. ఎందుకంటే అదే మనిషి గ్యాస్ అయిపోగానే ఇంకోటి బుక్ చేసి, ఖాళీ సిలిండర్ గుమ్మం దగ్గరికి జరిపి ఉంచుతారు. ఖాళీ సిలిండర్లు అరడజను పేరుకుపోయిన ఇల్లు మీరెప్పుడైనా చూశారా? ఇన్వర్టర్ బ్యాటరీ సంగతీ అంతే. కొత్తది బిగించే కుర్రాడే పాతది పట్టుకుపోతాడు, దానికింతని ధరలో తగ్గిస్తారు. ఈ రెండింటికీ ఎవరూ ఉత్సాహం తెచ్చుకోనక్కర్లేదు. అవి ఎక్కడికి పోవాలో ముందే తేలిపోయింది. అటక మీదున్నవన్నీ ఎక్కడికి పోవాలో తేలనివి.

ఒకప్పుడు తేలి ఉండేది. మన డెల్టా ఊళ్లలో నూలు చీర పాతబడితే బొంతయ్యేది, బొంత చిరిగితే పసిపిల్లల పక్కగుడ్డ, ఆ తర్వాత మసిగుడ్డ. చిల్లుపడ్డ ఇత్తడి బిందె కొత్త బిందెకి మారకంలో పోయేది. పేపర్లు కిరాణా కొట్టులో పొట్లాలయ్యేవి. విరిగిన మంచంకోడు నీళ్లకాగు కిందికి పోయేది. పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు వీధిలోకి వచ్చి మరీ పట్టుకెళ్లేవారు. ఇప్పుడు పాలియెస్టర్ చీర బొంతకి పనికిరాదు. కిరాణా సరుకు ప్యాకెట్లలో వస్తోంది. కాగు స్థానంలో గీజరుంది. అటు లోపలికి వచ్చేవి మాత్రం పెరిగాయి. ప్రతి గృహప్రవేశానికీ ఓ స్టీలు డబ్బా, ప్రతి ఓణీల ఫంక్షన్‌కీ ఓ ప్లాస్టిక్ బుట్ట, ఆన్‌లైన్‌లో కొన్నదానికల్లా ఓ అట్టపెట్టె. సాగు కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువా అంతేనని కృష్ణా డెల్టా రైతుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్లు పెట్టడమే తప్ప తీసే వీలు లేని చేను ఏమవుతుందో ఆయన చూసే ఉంటాడు. మన ఇళ్లకి పై కాలువ వెడల్పయింది, కింది కాలువ పూడిపోయింది.

మరి దాచుకోవడం తప్పా? "ఉంచు, ఎప్పుడైనా పనికొస్తుంది" అనే పెద్దవాళ్లని చూసి నవ్వకండి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. ఆ తరం వాళ్లకి ఇంట్లో వస్తువు ఉండటమంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. మొన్నటికి మొన్న, 2024 ఆగస్టు చివర్లో బుడమేరు కట్టలు తెగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు తీశాక వీధుల నిండా పరుపులు, సోఫాలు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు. దీన్ని చూసి 'తక్కువ వస్తువులతో బతకడం వరద నేర్పింది' అనేవాళ్లున్నారు. నాకది నచ్చదు. లాక్కోబడటం వేరు, ఇచ్చేయడం వేరు. పైగా ఆ రోజు చాలా ఇళ్లలో మిగిలినవి అటక మీదివే.

కాబట్టి ఆ భయానికి దాని వాటా ఇచ్చేయండి. టార్పాలిన్ పట్టా, మోకు, టార్చిలైటు, మూతలున్న డబ్బాలు, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన దస్తావేజులు, సర్టిఫికెట్లు. వరదకి పనికొచ్చేవి ఇవి. ఇవి పైనే ఉండాలి, చేతికందేలా ఉండాలి. వీటికి అడ్డుగా ఉన్న పద్నాలుగు టిఫిన్ డబ్బాలు, పాడైన మిక్సీ ఏ వరదకీ అక్కరకు రావు.

ఇంకో చిక్కు ఉంది. మనదైన వస్తువు విలువ మనకి ఎక్కువగా కనిపిస్తుంది. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాలు దీన్నే చూపించాయి. కొందరు విద్యార్థులకి కాఫీ కప్పులిచ్చి 'ఎంతకి అమ్ముతారు' అని, మిగతావాళ్లని 'ఎంతకి కొంటారు' అని అడిగారు. చేతిలో కప్పున్నవాళ్లు చెప్పిన ధర కొనేవాళ్లు చెప్పినదానికి రెట్టింపు దాకా ఉంది. కప్పు అప్పుడే చేతికొచ్చింది, దానితో ఏ జ్ఞాపకమూ లేదు, అయినా అంత. మరి పెళ్లిలో మేనమామ పెట్టిన సోఫా సెట్టుకి వెల కట్టమంటే? అందుకే పాత వస్తువుకి ధర ఆలోచించడం మొదలుపెడితే పని అక్కడే ఆగిపోతుంది. ఇనప సామాను ఆటో అతను చెప్పే రేటు వింటే కోపం వస్తుంది, వస్తువు మళ్లీ అటకెక్కుతుంది. ఇత్తడి, రాగి, జరీ పట్టుచీర లాంటివి తప్ప మిగతావాటికి వెల కట్టకండి.

ఎలా మొదలుపెట్టాలి? అటక ఎక్కకముందే, ఏది ఎవరికి పోవాలో తేల్చుకోండి. పనికొచ్చే దుప్పట్లు ఎవరికి? పాత ఫోన్లు, ఛార్జర్లు ఎక్కడికి? బట్టలు, బొమ్మలు, పుస్తకాలు తీసుకునే కేంద్రాలు 2023 మేలో దేశమంతా పట్టణాల్లో తెరిచారు. ఇప్పుడు మీకు దగ్గర్లో ఏది నడుస్తోందో వార్డు సచివాలయంలో కనుక్కోండి. రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది, ఆ ఏడాది ఏప్రిల్‌లో పాత ఎలక్ట్రానిక్ సామానే దాని అంశం. పనిమనిషికి ఇద్దామనుకుంటే ముందు ఆమెని అడగండి. మనం కట్టుకోలేని చిరుగు చీర ఆమెకి మాత్రం ఎందుకు?

తర్వాత గడువు. పెళ్లికి రంగులేయించేటప్పుడూ ఇల్లు మారేటప్పుడూ అందరిళ్లూ సర్దుకుంటాయి, ఎందుకంటే తేదీ దాటదు. సంక్రాంతికి ముందు పెట్టుకోండి. భోగిని గడువుగా వాడుకోండి, అంతేగానీ మంటని చెత్తకుండీగా వాడకండి. పరుపులు, టైర్లు, రంగేసిన చెక్క, ప్లాస్టిక్ కాలిస్తే ఆ విషపు పొగ మొదట పీల్చేది చుట్టూ నిలబడ్డ పిల్లలే.

పూటకి ఒక్క అర చాలు. గడువు తీరిన మందులు, దేనివో తెలియని వైర్లు, కవర్లు కుక్కిన కవరు ముందు తీసేయండి, వీటికి ఏడ్చేవారుండరు. ఆల్బమ్‌లు, ఉత్తరాలు చివరికి. ఇవ్వాల్సిందే గానీ వదలలేని వస్తువుని ఫొటో తీసి ఇవ్వండి. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ హాస్టళ్లలో కొన్నిచోట్ల ఈ సలహా రాసిపెట్టారు, కొన్నిచోట్ల ఊరికే ఇచ్చేయమన్నారు. సలహా ఉన్నచోట 613 వస్తువులు వచ్చాయి, లేనిచోట 533. వస్తువుతోపాటు జ్ఞాపకమూ పోతుందేమోనన్న భయమే చేతిని పట్టుకుంటోందన్నమాట.

ఇంట్లో ఎవరి వస్తువు వాళ్లే తీయాలి. అత్తగారి గంగాళం కోడలు అమ్మితే అది సర్దడం కాదు, తగువు. "ఇది ఎవరిచ్చారు అత్తయ్యా?" అని అడిగి, కూర్చుని వినండి. చెప్పడం పూర్తయ్యాక చాలాసార్లు ఆవిడే 'ఫలానా మనవరాలికి ఇద్దాం' అంటారు.

ఇక అమెరికాలో ఉన్న పిల్లల సామాను. విజయవాడలో సగం అటకలు వాటివే. ఎంసెట్ మెటీరియల్, రికార్డు పుస్తకాలు, క్రికెట్ బ్యాటు. "వచ్చినప్పుడు చూస్తాంలే డాడీ" అంటారు, వచ్చిన మూడు వారాలూ పెళ్లిళ్లకే సరిపోతాయి. వీడియో కాల్‌లో ఒక్కొక్కటీ చూపించండి, ఒక్క అట్టపెట్టెకి పట్టేంత ఎంచుకోమనండి, తేదీ చెప్పండి. నవలలు, నిఘంటువులు లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల కొట్లకి తీసుకెళ్లొచ్చు. సిలబస్ మారిన మెటీరియల్ మాత్రం తూకానికే పోతుంది. ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పేయండి, వాళ్ల ర్యాంకు పుస్తకాలకి కిలో రేటేమిటని తర్వాత అలగకుండా.