పులి, మేక, గడ్డిమోపు: ఇంగ్లీషు గ్రామర్‌కు ఒక కొత్త దారి

పిల్లల చదువుకు మీరిచ్చే విరాళం పుస్తకాలుగా, ఫీజులుగా, యూనిఫారాలుగా మారడం మీరు చూస్తూనే ఉన్నారు. అయితే కొనిచ్చిన పుస్తకం పిల్లవాడి తలలోకి ఎలా వెళ్తుందన్నది వేరే విషయం. ఈ వ్యాసం దాని గురించే.

ఏలూరులో సాయంత్రం పూట ఇంగ్లీషు చెప్పే ఒక చిన్న తరగతికి వారానికి రెండు రోజులు వెళ్తుంటాను. ఒకరోజు పదో తరగతి అమ్మాయి ఒకతె ఇరవై ఖాళీలు పూరించి తెచ్చింది. ఇరవైకి ఇరవై సరిగ్గా ఉన్నాయి. అందులో ఒక వాక్యం "హి వీవ్స్ కార్పెట్స్". దీని అర్థం ఏమిటమ్మా అని అడిగాను. "తెలియదండి మాస్టారు. ముందు 'హి' ఉంటే చివర 'ఎస్' పెట్టమన్నారండి" అంది. ఏలూరు తివాచీలకు పేరున్న ఊరు. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళు ఆ విద్యను ఇక్కడికి తెచ్చారని మన పెద్దలు చెబుతారు. తన ఊరి పని గురించి రాసిన మూడు మాటల వాక్యం ఆ అమ్మాయికి అర్థం కాలేదు, మార్కులు మాత్రం పూర్తిగా పడ్డాయి.

తప్పు ఆ పిల్లది కాదు. ఖాళీలు పూరించే అభ్యాసంలో వాక్యం చదవాల్సిన అవసరమే రాదు. ఖాళీకి ముందున్న ఒక్క మాట చూస్తే సరిపోతుంది. ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. సైన్సు, సోషల్ కూడా ఇంగ్లీషులో చదవాల్సిన పిల్లలు మనలో చాలామంది ఉన్నారు. వాక్యం చదివి అర్థం చేసుకోలేని పిల్లకు ఇంగ్లీషుతో పాటు మిగతా సబ్జెక్టులూ దూరమవుతాయి. అక్కడే చదువు ఆగిపోతుంది.

చిక్కుప్రశ్న చేసే పని

వాక్యాన్ని నిజంగా చదివితే తప్ప జవాబు రాని అభ్యాసం ఒకటి కావాలి. చిక్కుప్రశ్న, అంటే లాజిక్ పజిల్, ఆ పని చేస్తుంది. మా తరగతిలో వాడే ఒకటి చూడండి.

సలీం, రజియా, కరీం అని ముగ్గురున్నారు. ఒకరు ఏలూరులో, ఒకరు తాడేపల్లిగూడెంలో, ఒకరు ఆకివీడులో ఉంటారు. ఒకరు తివాచీలు నేస్తారు, ఒకరు చేపలు అమ్ముతారు, ఒకరు సైకిళ్ళు బాగుచేస్తారు. ఎవరు ఎక్కడ ఉంటారు, ఏ పని చేస్తారు? ఆధారాలు ఐదు. పిల్లలకు వీటిని ఇంగ్లీషు లిపిలోనే ఇస్తాం.

1. "కరీం డజ్ నాట్ లివ్ ఇన్ ఏలూరు."
2. "ద పర్సన్ హూ వీవ్స్ కార్పెట్స్ లివ్స్ ఇన్ ఏలూరు."
3. "సలీం డజ్ నాట్ వీవ్ కార్పెట్స్."
4. "సలీం డజ్ నాట్ సెల్ ఫిష్."
5. "ద పర్సన్ హూ సెల్స్ ఫిష్ లివ్స్ ఇన్ ఆకివీడు."

పిల్లలు నోటు పుస్తకంలో గళ్ళు గీసుకుంటారు. కానిచోట ఇంటూ మార్కు, అయినచోట టిక్కు పెడతారు. సలీం తివాచీలు నేయడు, చేపలు అమ్మడు. కాబట్టి సైకిళ్ళు బాగుచేసేది అతనే. కరీం ఏలూరులో ఉండడు, తివాచీ నేసేవారు ఏలూరులోనే ఉంటారు. కాబట్టి కరీం నేతపని చేయడు. సైకిళ్ళ పని సలీంకు పోయింది గనుక కరీంకు మిగిలింది చేపలు, ఊరు ఆకివీడు. తివాచీలు నేసేది రజియా, ఏలూరులో. సలీం ఊరు తాడేపల్లిగూడెం.

ఇందులో గ్రామర్ ఎక్కడుంది? మన పిల్లలకు బాగా తడబాటు వచ్చే విషయం ఈ ఐదు వాక్యాల్లో ఏడుసార్లు వస్తుంది. తెలుగులో "నేయడు" అన్నప్పుడు కాదనే అర్థం క్రియలోనే కలిసిపోతుంది. ఇంగ్లీషులో అలా కాదు. "వీవ్స్" చివర ఉన్న 'ఎస్', "నాట్" రాగానే క్రియను వదిలేసి ముందుకొచ్చి "డజ్"లో చేరుతుంది. అందుకే "డజ్ నాట్ వీవ్" అనాలి, "డజ్ నాట్ వీవ్స్" అనకూడదు. ఈ సూత్రాన్ని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా మర్నాటికి మరిచిపోయే పిల్లలు, పజిల్ విప్పడానికి అవే వాక్యాలను నాలుగైదుసార్లు తిప్పి చదువుతారు. మళ్ళీ చదవమని మనం చెప్పనక్కర్లేదు.

ఇంకో లాభం, తప్పు దానంతటదే బయటపడుతుంది. పైన చెప్పిన అమ్మాయే ఒకసారి మూడో ఆధారంలో "నాట్"ను చూడకుండా సలీం తివాచీలు నేస్తాడనుకుంది. కరీం, రజియాల్లో చేపలెవరివో, సైకిళ్ళెవరివో ఎంతకీ తేలలేదు. అయిదు నిమిషాలు తంటాలు పడి, "తప్పు చదివానండి మాస్టారు" అని తనే దిద్దుకుంది. కొన్నిసార్లు తప్పు చదివినా పట్టిక నిండిపోతుంది, కానీ పక్కవాళ్ళ జవాబుతో కలవదు. అప్పుడు ఇద్దరూ ఆధారాలను వేలుపెట్టి చదువుతూ వాదించుకుంటారు. ఎర్రసిరా పెన్నుతో పనిలేదు.

నోరు విప్పించడం

ఇదే పజిల్‌ను రెండు చీటీలుగా కోస్తాం. 1, 2, 5 ఒకరికి, 3, 4 ఇంకొకరికి. చీటీ ఒకరిది ఒకరు చూడకూడదు, అడిగి తెలుసుకోవాలి, అదీ ఇంగ్లీషులోనే. ఎవరి చీటీతోనూ లెక్క పూర్తికాదు. అప్పుడు "డజ్ సలీం సెల్ ఫిష్?" అనే ప్రశ్న, "నో, హి డజ్ నాట్" అనే జవాబు తప్పనిసరిగా నోట్లోంచి వస్తాయి. మెదడులో ఆలోచన తెలుగులో సాగినా, ఇంట్లో మాట్లాడే ఉర్దూలో సాగినా మేం అడ్డు చెప్పం. ఆధారం మార్చుకునేటప్పుడు మాత్రం ఇంగ్లీషు. సిగ్గుతో నోరెత్తని పిల్లలు కూడా ఇక్కడ మాట్లాడతారు, ఎందుకంటే పక్కవాడికి తన దగ్గరున్న మాట కావాలి.

షరతు వాక్యాలకు మన అమ్మమ్మలు చెప్పిన లెక్కే చాలు. ఒక మనిషి పులిని, మేకను, గడ్డిమోపును ఏరు దాటించాలి. దోనెలో తనతో పాటు ఒక్కదానికే చోటు. తను లేకపోతే పులి మేకను, మేక గడ్డిని తినేస్తాయి. ఐరోపాలో ఈ లెక్కను తోడేలు, మేక, క్యాబేజీతో చెబుతారు. 8వ శతాబ్దపు పండితుడు ఆల్క్విన్‌దిగా చెప్పే లెక్కల సంకలనంలో అది ఉంది. మా పిల్లలకు ఏరు బదులు కొల్లేరు. "ఇఫ్ హి టేక్స్ ద గ్రాస్ ఫస్ట్, ద టైగర్ విల్ ఈట్ ద గోట్" అని ఒకరు అభ్యంతరం చెబుతారు. ఇంకొకరు మరో దారి చెబుతారు. మేకను దించి, పులిని తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు మేకను వెనక్కి తేవాలన్న కిటుకు ఎవరికో తడుతుంది. మొత్తం ఏడు ప్రయాణాలు. అప్పటికి ఒక్కొక్కరూ "ఇఫ్" వాక్యాలు పదిదాకా చెప్పి ఉంటారు. "ఇఫ్" తర్వాత "విల్" రాదని, రెండో సగంలో వస్తుందని అప్పుడు చెబితే వెంటనే పట్టుకుంటారు.

ఇది మన దేశంలో పరీక్షించిన పద్ధతే

ఇది మా సొంత ఊహ కాదు. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు ఆధ్వర్యంలో దక్షిణాది సాధారణ పాఠశాలల్లో ఒక ప్రయోగం జరిగింది. బెంగళూరు ప్రాజెక్టు అని దానికి పేరు. పిల్లల ధ్యాస అర్థం మీద ఉన్నప్పుడే వ్యాకరణం బాగా వంటబడుతుందన్నది ఆయన నమ్మకం. అందుకని గ్రామర్ పాఠాల బదులు రైళ్ళ టైంటేబుల్, ఊరి పటం, తరగతుల టైంటేబుల్ లాంటివి ఇచ్చి, వాటినుంచి తర్కించి జవాబు తేల్చమనేవారు. ముందు తరగతి మొత్తంతో కలిసి ఒక లెక్క విప్పేవారు, తర్వాత అలాంటిదే ఇంకొకటి పిల్లలు సొంతంగా చేసేవారు. ఈ అనుభవాన్ని ఆయన 1987లో పుస్తకంగా వెలువరించారు.

1985లో అలన్ బెరెట్టా, అలన్ డేవిస్ ఈ ప్రయోగాన్ని అంచనా వేశారు. విడి వ్యాకరణ సూత్రాల పరీక్షలో మామూలు తరగతుల పిల్లలే ముందున్నారు. సందర్భంలో వ్యాకరణాన్ని వాడటంలో, విని రాయడంలో, చదివి అర్థం చేసుకోవడంలో ప్రయోగ తరగతుల పిల్లలు ముందున్నారు. ఈ రెండు మాటలూ దాతలు గుర్తుంచుకోవాలి. పదో తరగతి పరీక్షలో రెండూ కావాలి. అందుకే మేం సూత్రం చెప్పడం మానలేదు. పజిల్ ముందు విప్పించి, సూత్రం తర్వాత చెబుతాం, చివర్లో ఖాళీలు పూరిస్తాం.

తర్కం, వ్యాకరణం కలిసి నడవడం మన చదువుల చరిత్రకు కొత్త కాదు. 10వ శతాబ్దంలో బగ్దాద్‌లో వజీరు ఇబ్నుల్ ఫురాత్ సమక్షంలో అబూ సయీద్ అస్సీరాఫీ అనే వ్యాకరణవేత్తకు, అబూ బిష్ర్ మత్తా అనే తర్కవేత్తకు పెద్ద వాదమే జరిగింది. భాష తెలియకుండా తర్కం ఒక్కటే సత్యాన్ని పట్టగలదా అన్నది చర్చ. 18వ శతాబ్దంలో లక్నోలోని ఫిరంగీ మహల్‌లో ముల్లా నిజాముద్దీన్ రూపొందించిన దర్సె నిజామీ పాఠ్యక్రమంలో సర్ఫ్, నహూ అనే వ్యాకరణ శాస్త్రాలతో పాటు మంతిఖ్, అంటే తర్కశాస్త్రం, పాఠమే. అరబ్బీ క్రియల పట్టికను కంఠస్థం చేసిన మదర్సా పిల్లవాడికి ఇంగ్లీషులోని ఒక్క 'ఎస్' పెద్ద భారం కాదు. ఆ సంగతి అతనికి ఎవరో చెప్పాలి, అంతే.

మేం చేసిన పొరపాట్లు

మొదట్లో రైలు స్టేషన్లతో ఒక పజిల్ చేశాం. "బిఫోర్", "ఆఫ్టర్" నేర్పడానికి ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం, నిడదవోలు వరస తేల్చమన్నాం. అర నిమిషంలో జవాబు వచ్చేసింది. ఆధారాలు ఒక్కరూ చదవలేదు. పిల్లలు రోజూ తిరిగే లైను అది! ఊళ్ళు, పనులు తెలిసినవే ఉండాలి గాని, జవాబు ముందే తెలిసి ఉండకూడదని అప్పుడు అర్థమైంది.

రెండో పొరపాటు, బరువైన లెక్క ఇవ్వడం. ఐదు ఇళ్ళు, ఐదు రంగులు, చివరికి జీబ్రా ఎవరిదని అడిగే ప్రసిద్ధమైన పజిల్ ఒకటుంది, 1962లో లైఫ్ ఇంటర్నేషనల్ పత్రికలో అచ్చయింది. అది తెచ్చి పెట్టాను. లెక్కల్లో చురుకైన ఇద్దరు కుర్రాళ్ళు విప్పారు, మిగతావాళ్ళు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. అప్పటినుంచి ముగ్గురు మనుషులు, రెండు విషయాలు, ఐదారు ఆధారాలు దాటడం లేదు. చదవడం ఇంకా రాని చిన్నపిల్లలకు బొమ్మల కార్డులు ఇస్తాం, ఆధారాలు మేం చదివి వినిపిస్తాం.

అన్నిటికన్నా బాగా పనిచేసే మెట్టు చివరిది, పిల్లలే పజిల్ తయారుచేయడం. ఖాళీలు పూరించి అర్థం చెప్పలేకపోయిన ఆ అమ్మాయి, కొల్లేరు పక్షుల మీద ఒకటి రాసి తెచ్చింది. "ద పెలికన్ డజ్ నాట్ స్లీప్స్ ఆన్ ద ట్రీ" అని మొదలైంది. పక్కపిల్ల చదివి, "ఎస్ ఒక్కసారే కదే, రెండుసార్లు పెట్టావు" అంది. ఇద్దరూ కలిసి కొట్టేశారు. నేను నోరు విప్పలేదు.

మీ నుంచి కోరేది

దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. బోర్డు, సుద్దముక్క, కొన్ని జిరాక్సు కాగితాలు చాలు. కొరతగా ఉన్నది మనుషులు, సమయం. మీ ఇంట్లో రిటైరైన టీచర్లుంటే, డిగ్రీ చదివే పిల్లలుంటే వారానికి ఒక గంట ఇప్పించండి. నెలకు రెండు కొత్త పజిళ్ళు రాసిచ్చినా మేలే. తరగతి చూడటానికి వచ్చినప్పుడు ఎన్ని మార్కులు వచ్చాయని మాత్రమే అడగకండి. పుస్తకంలో ఒక వాక్యం చూపించి, దీని అర్థం ఏమిటమ్మా అని అడగండి. మీ విరాళం ఎక్కడికి చేరిందో ఆ జవాబు చెబుతుంది.

వెళ్ళేముందు మీకూ ఒక చిక్కుప్రశ్న. ముగ్గురు పిల్లల్లో ఒకరు తాళంచెవి తీశారు. హమీద్ అన్నాడు, "ఐ డిడ్ నాట్ టేక్ ద కీ." నస్రీన్ అంది, "యూసుఫ్ టుక్ ఇట్." యూసుఫ్ అన్నాడు, "నస్రీన్ ఈజ్ రాంగ్." ముగ్గురిలో ఒక్కరి మాటే నిజం. తాళంచెవి ఎవరు తీశారు? జవాబు ఇక్కడ రాయడం లేదు. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలను అడగండి. "టేక్" ఎక్కడ "టుక్" అయిందో, ఎక్కడ కాలేదో, ఎందుకో కూడా అడగండి. అదే ఆ రోజుకు గ్రామర్ పాఠం.