ఒక్క '=' మర్చిపోతే 16 కాస్తా వేరే నంబర్: మెయిన్‌ఫ్రేమ్ అసెంబ్లర్‌లో లిటరల్స్ గోల

పైథాన్‌లోనో జావాలోనో 16 అని రాస్తే అది 16. అందులో ఆలోచించడానికేం లేదు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ అసెంబ్లర్‌లో మాత్రం "ఎల్ 5,16" అని రాస్తే 5వ రిజిస్టర్‌లోకి 16 రాదు. మెమరీలో 16వ అడ్రస్ దగ్గర ఏముందో అది వస్తుంది. జెడ్/ఓఎస్‌లో అక్కడ ఉండేది సీవీటీ అనే సిస్టమ్ కంట్రోల్ బ్లాక్ అడ్రస్. అంటే ఈ లైన్ దగ్గర ప్రోగ్రామ్ క్రాష్ కూడా అవ్వదు! ఆ సంబంధం లేని నంబర్‌తోనే లెక్కలు చేసుకుంటూ పోతుంది. బగ్ వెతికేవాళ్లకి ఇంతకంటే నరకం ఉండదు. సీవీటీ కోసం ఇదే లైన్‌ని కావాలని రాసేవాళ్లూ ఉన్నారు కాబట్టి అసెంబ్లర్ దీన్ని తప్పు అనలేదు. ఫ్లాగ్(పేజ్0) ఆప్షన్ పెట్టుకుంటే వార్నింగ్ ఇస్తుంది. పెట్టుకోవడమే మంచిది.

మనం రాయాల్సింది "ఎల్ 5,=ఎఫ్'16'". ముందున్న ఈక్వల్ గుర్తే దాన్ని లిటరల్ చేస్తుంది. (తమాషా ఏంటంటే, "ఎల్ఏ 5,16" అంటే ఈక్వల్ లేకుండానే 16 వస్తుంది. అది అడ్రస్‌నే లోడ్ చేసే ఇన్‌స్ట్రక్షన్ మరి.)

అయితే ఈ లిటరల్ కూడా ఇన్‌స్ట్రక్షన్ లోపల ఉండదు. అసెంబ్లర్ 4 బైట్ల చోటు తీసుకుని, అందులో 16 పెట్టి, ఆ చోటు అడ్రస్‌ని ఇన్‌స్ట్రక్షన్‌కి ఇస్తుంది. ఇలాంటివన్నీ చేరే చోటే లిటరల్ పూల్. అది ఎక్కడ ఉండాలో "ఎల్‌టీఓఆర్‌జీ" అని రాసి మనం చెప్పొచ్చు. చెప్పకపోతే మొదటి సెక్షన్ చివర్లో పడుతుంది. 1964 నాటి సిస్టమ్/360 పద్ధతిలో ఒక బేస్ రిజిస్టర్‌కి అందేది 4096 బైట్లే. పూల్ అంతకంటే దూరం వెళ్లిందా, ఎర్రర్లే ఎర్రర్లు.

ఇంకో వింత. ఎబ్సిడిక్ కోడ్‌లో =సి'0', =ఎక్స్'ఎఫ్0' రెండూ ఒకే బైట్. అయినా పూల్‌లో రెండు చోట్లు తీసుకుంటాయి. అసెంబ్లర్ పోల్చేది విలువని కాదు, రాసిన తీరుని.

ఇదంతా పాతకాలం గోల అనుకోకండి. ఫోన్లలో ఉండే ఆర్మ్ చిప్‌ల 32 బిట్ అసెంబ్లీలో "ఎల్‌డీఆర్ ఆర్0,=305419896" అని రాస్తే జరిగేదీ ఇదే. అక్కడా లిటరల్ పూల్ ఉంది, అక్కడా 4 కేబీ హద్దు ఉంది, ఆఖరికి ఎల్‌టీఓఆర్‌జీ పేరు కూడా అదే! కాకపోతే =16 లాంటి చిన్న నంబర్ ఇస్తే ఆర్మ్ అసెంబ్లర్ పూల్ జోలికి వెళ్లకుండా తనే మూవ్ ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేస్తుంది. మెయిన్‌ఫ్రేమ్‌లో ఆ సేవ లేదు, "ఎల్‌హెచ్‌ఐ 5,16" అని మనమే రాసుకోవాలి.